గొలుసు చివరి కొక్కెం

ఉరుమక్కకి కోపం వస్తే ముందు గొంతు లేవదు, చేతిలో ఆకురాయి ఆగుతుంది. తాళంచెవి అంచు మీద కీచు కీచుమని ఆడుతున్న ఆ చప్పుడు ఠక్కున ఆగిపోయిందంటే, పక్కన చెప్పులు కుట్టుకునే తాత తల ఎత్తకుండానే, "అయిపోయింది, ఎవడికో మూడింది" అంటాడు. ఉరిమేది ఆ తరవాతే.

ఆ పేరు పెట్టింది ఆమె వెళ్ళే చర్చిలోని ఆడవాళ్ళు. చాటుగా కాదు, మొహం మీదే, "ఉరుమక్కా, వందనాలు" అని పిలుస్తారు. ఆమె కూడా తగ్గదు. "వందనాలు. ఉరుము నేనిస్తా, వాన మీరు తెచ్చుకోండి" అంటుంది.

ఒక మేడ మెట్ల కింద, ఒక బీరువా నిలబెడితే నిండిపోయేంత కొట్టు ఆమెది. గోడనిండా మేకులకి వేలాడే తాళంచెవులు, ఇంకా గాట్లు పెట్టనివి, గాలి వీస్తే గలగలమంటాయి. కొట్టు అసలు భర్తది. పెళ్ళైన కొత్తలో ఆయనకి క్యారేజీ తెచ్చిచ్చి, ఆయన తింటుంటే పక్కన కూచుని చూస్తూ చూస్తూ ఆ పని పట్టేసింది. ఆకురాయి చేతికిచ్చే ముందు ఆయన ఒక్క మాట చెప్పాడు. "ఎవరింటి చెవి చేసినా ఇంకోటి చేసి దాచకు. వాళ్ళ చేతిలో పెట్టేశాక దాని గాట్లు కూడా మర్చిపో. మనల్ని నమ్మి వాళ్ళిచ్చేది ఇనపముక్క కాదే, ఇల్లు." ఆమె అలాగే మర్చిపోయేది. చెవి పారేసుకున్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి తలుపులు తెరిచేది. లోపల ఏ బాగోతం కంటబడినా గుమ్మం దిగేలోపు దులిపేసుకునేది.

ఆయన మంచాన పడేదాకా ఆమెకి చర్చి అంటే ఆదివారం పూట పాటలు వినబడే భవనం, అంతే. ఆ వీధిలోనే ఉండే నర్సమ్మ, ఆస్పత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్తూ ఆయనకి సూది మందు వేసేది. ఒకరోజు తనతోపాటు ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకొచ్చింది. అందులో బట్టలు కుట్టే టైలరమ్మ ఒకతి. ఆయన పక్క మార్చేటప్పుడు రెండో వైపు పట్టుకునేది. లెక్కల టీచరమ్మ, అప్పటికి చిన్నవాడైన ఉరుమక్క కొడుకుని కూచోబెట్టి హోంవర్కు చేయించేది. పాస్టరమ్మగారైతే మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళి, కన్నకూతురు కూడా ముట్టుకోవడానికి వెనకాడే దుప్పట్లు ఉతికి ఆరేసేది. ఉరుమక్క చర్చికి వెళ్ళలేదు, చర్చే ఆమె వంటింట్లోకొచ్చి గిన్నెలు తోమింది.

ప్రార్థన గొలుసు పుట్టింది కూడా ఆ ఇంట్లోనే. ఆయనకి ఎప్పుడు ఆయాసం ఎక్కువైతే అప్పుడు పాస్టరమ్మగారు టీచరమ్మకి ఫోన్ చేసేది, టీచరమ్మ టైలరమ్మకి, టైలరమ్మ నర్సమ్మకి. నర్సమ్మ చివరికి ఉరుమక్కకే ఫోన్ చేసి, "అందరం ప్రార్థన చేశాం అక్కా, నువ్వు గుండె దిటవు చేసుకో" అనేది. ఉరుమక్క తిరిగి పాస్టరమ్మగారికి ఫోన్ చేసి "అందింది" అని చెప్పేది. దాంతో గొలుసు మూసుకునేది. ఆయన దక్కలేదు. దక్కలేదని దేవుడితో ఆమె నోరు నొప్పిపుట్టేదాకా పోట్లాడింది. "ఆయన్ని తీసుకుని వీళ్ళనిచ్చావా, ఇదేం బేరం?" అని నిలదీసింది. నిలదీస్తూనే బాప్తిస్మం తీసుకుంది. ఆయన పోయినా గొలుసు పోలేదు. ఎవరికి ఏ కష్టమొచ్చినా అదే వరసలో ఫోన్లు మోగేవి. చివరి కొక్కెం ఉరుమక్కే.

కొడుకు పెద్దవాడయ్యాడు. అదే కొట్టులో ఎదురుగా చిన్న బల్ల వేసుకుని ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు, స్పీకర్లు బాగుచేస్తాడు. తల్లి పిడుగైతే వాడు మబ్బు. మాట బైటికి రావడానికి ముహూర్తం చూసుకుంటుంది. ఆదివారం చర్చిలో మైకు వాడిదే. అందరికంటే వెనక, గుమ్మం పక్కన, స్టూలు మీద కూచుని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎవరి గొంతు ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో చూసుకుంటాడు. పాటల్లో శ్రుతి తప్పే ముసలాయన గొంతు వాడు రవ్వంత తగ్గిస్తాడని, ఆ సంగతి ముసలాయనకి తప్ప అందరికీ తెలుసు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూచున్నారు. ఉరుమక్క భోజనం ప్రార్థన అంటే మాటలా? వంటగ్యాసు దగ్గర మొదలై లోకశాంతి దాకా వెళ్ళి తిరిగొస్తుంది. ముగించి కళ్ళు తెరిచింది. కొడుకు "ఆమేన్" అనలేదు.

"ఏంరా, గొంతు నొప్పా?"

"గొంతు బానే ఉందమ్మా."

"మరి?"

వాడు కంచం అంచు వేలితో తుడిచాడు. "నేను అనలేనమ్మా. ఫోన్ చేస్తూనే ఉన్నాను. అటువైపు ఎవరూ ఎత్తడం లేదు."

"ఎత్తేదాకా చెయ్యాలి నాన్నా."

"నాన్న మంచంలో ఉన్నప్పటి నుంచీ చేస్తున్నానే."

ఆమె కూర గిన్నె వాడి వైపు జరిపింది. వాడే మళ్ళీ అన్నాడు. "చర్చికొస్తా. మైకు పెడతా. పాటలంటే నాకిష్టం, అక్కడి మనుషులంటే ఇష్టం. నువ్వు ప్రార్థన చేసుకుంటుంటే చెయ్యి కడుక్కుని ఆగుతా. ఆమేన్ ఒక్కటీ అడక్కు, అబద్ధం చెప్పాల్సొస్తుంది. ఇది నీకొక్కదానికే చెబుతున్నా. ఇంకెవరి దగ్గరా అనకు."

"అననురా" అంది.

అంది గానీ, ఆ మాట మింగలేకపోయింది, కక్కలేకపోయింది. తండ్రి లేని పిల్లాడు, తండ్రిలాంటి దేవుణ్ణి కూడా పోగొట్టుకున్నాడే అని లోలోపల కుమిలిపోయింది. స్త్రీల కూడిక అయ్యాక, చాపలు చుడుతూ, పాస్టరమ్మగారు "ఏంటమ్మా, ముఖం అలా ఉంది?" అని అడిగితే ఆగలేక చెప్పేసింది. ఫోను మాటతో సహా చెప్పింది. "మీ కడుపులోనే ఉంచుకోండమ్మగారూ" అంది. "నా కడుపులోనే అమ్మా, ఇంకెక్కడ" అంది పాస్టరమ్మగారు, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని.

ఆ వారంలోనే, పొద్దున్న పూట, కొడుకు ఎవరింటికో ఫ్యాను బిగించడానికి వెళ్ళాడు. ఉరుమక్క ఒక ఇనప్పెట్టె చెవి అరగదీస్తోంది. ఫోన్ మోగింది. నర్సమ్మ.

"వందనాలు అక్కా. డ్యూటీ దిగి ఇప్పుడే వచ్చా, కళ్ళు మూసుకుపోతున్నాయి. గొలుసు ప్రార్థన ఒకటి ఉంది, చెప్పేసి పడుకుంటా. పేరు చెప్పకూడదట."

"పేరెందుకు, చెప్పు."

"మన సంఘంలోనే ఒక విధవరాలి కొడుకట అక్కా. సాతాను పట్టేసిందట. చెడ్డ స్నేహాలట. వాక్య పుస్తకం చించి పొయ్యిలో పెట్టాడట. తల్లి మీద చెయ్యెత్తాడట, పాపం, ఆ పిచ్చితల్లి గడప దాటి చెప్పుకోలేక ఏడుస్తోందట."

"అయ్యో, ఎవరో తల్లి!" అంది ఉరుమక్క. నిజంగానే జాలిపడింది. ఆకురాయి ఇంకా ఆగలేదు.

"ఇంకా వినక్కా. దేవుడికి ఫోన్ చేస్తే అటువైపు ఎవరూ ఎత్తడం లేదని ఎగతాళి చేస్తున్నాడట!"

ఆకురాయి ఆగిపోయింది.

పక్కన తాత చెప్పులోంచి సూది లాగుతూ, "మూడింది" అన్నాడు.

"ఏమన్నావు?" అంది ఉరుమక్క ఫోనులోకి.

"ఫోన్ ఎత్తడం లేదని..."

"ఆ పుస్తకం చించడం నీకెవరు చెప్పారు?"

అటువైపు నిద్రమత్తు కొంచెం వదిలినట్టుంది. "అది... అలాంటివాళ్ళు అలాగే చేస్తారు కదక్కా. మా ఆస్పత్రిలో ఒకడు చేశాడు. ఏదో ఊహించి..."

"ఊహించావా? మిగతాది?"

"మిగతాది టైలరమ్మ చెప్పింది. అక్కా, ఏమైందక్కా?"

"ఏం కాలేదు. నువ్వు పడుకో. లేచాక మాట్లాడుకుందాం, అప్పుడు నీకు మళ్ళీ నిద్ర పట్టదు."

ఫోన్ పెట్టేసి, ఇనప్పెట్టె చెవిని బిగింపులోనే వదిలి, కొట్టు తలుపు చేరేసింది. తాళం వెయ్యడం మర్చిపోయింది. ఊరందరి తాళాలూ చూసే మనిషి తన తాళం మర్చిపోవడం తాత ఎప్పుడూ చూడలేదు. లేచి ఆ గుమ్మానికి అడ్డంగా తన పీట జరుపుకుని కూచున్నాడు.

టైలరమ్మ మిషను తొక్కుతోంది. ఉరుమక్కని చూడగానే కాలు ఆపి, "రా అక్కా, మంచినీళ్ళు తాగుతావా?" అంది.

"తాగడానికి రాలేదు. తల్లి మీద చెయ్యెత్తాడని ఎవరన్నారు?"

టైలరమ్మకి అర్థం కావడానికి రెండు ఊపిర్ల సేపు పట్టింది. అర్థమయ్యాక మెడలోని టేపు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అక్కా, అది నీ దాకా ఎలా వచ్చింది? నీకు చేరకూడదన్నారే!"

"నాకు చేరకూడదా! మరి నర్సమ్మకి చెప్పావా ఆ సంగతి?"

"పేరే చెప్పొద్దన్నారు. పేరు చెప్పకుండా 'ఫలానా ఆవిడకి చేరనివ్వకు' అని ఎలా చెప్పను?"

"నా కొడుకు నా మీద చెయ్యెత్తడం నువ్వు చూశావా?"

"లేదక్కా. ఒట్టు." టైలరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మామూలుగా చెబితే ఎవరూ మనసు పెట్టి చెయ్యరు. 'సరే సరే' అని కూరలో పోపు వేసుకుంటూ చేసేస్తారు. కొంచెం గట్టిగా చెబితే మోకాళ్ళ మీద పడి ఏడ్చి చేస్తారని... వాడి మంచికేగా అక్కా."

"దేవుడికి ఉప్పూకారం కావాలా?"

"దేవుడికి అక్కర్లేదు, వినేవాళ్ళకి కావాలి" అంది టైలరమ్మ. అన్నాక ఆ మాట తనకే కటువుగా వినబడి నోరు కప్పుకుంది.

మంచం మీద ఆయన్ని రెండో వైపు పట్టుకున్నది ఈ మనిషే. ఉరుమక్కకి అది గుర్తొచ్చింది. గుర్తొచ్చి కోపం తగ్గలేదు సరికదా, రెండింతలైంది. పరాయివాళ్ళైతే ఒక తిట్టు తిట్టి దులుపుకుని పోవచ్చు. వీళ్ళని ఏమని దులుపుకుంటుంది?

టీచరమ్మ ఇంట్లో అంతసేపు పట్టలేదు. కళ్ళజోడు సర్దుకుంటూ ఆవిడ, "నేను స్నేహాల సంగతి మాత్రమే అన్నాను. ఈ కాలం పిల్లలు దేవుణ్ణి వదిలేస్తున్నారంటే దానికొక కారణం ఉండాలి కదమ్మా, ఆ కారణం చెప్పాను" అంది.

"వాడి స్నేహితులెవరో చెప్పండి."

"నాకేం తెలుసు?"

"ఫ్యాన్లూ స్పీకర్లూ. మీ ఇంట్లో గిరగిరా తిరుగుతోందే, అదొక చెడ్డ స్నేహితుడు. లెక్క తప్పారు టీచరమ్మగారూ, వాడికి మీరే నేర్పిన లెక్క." ఇంక నిలబడకుండా మెట్లు దిగేసింది.

పాస్టరమ్మగారు వంటింట్లో ఉంది. ఉరుమక్క మొహం చూడగానే పొయ్యి కట్టేసి, పీట వేసి, "కూర్చో అమ్మా" అంది. ఉరుమక్క కూర్చోలేదు.

"మీ కడుపులోనే అన్నారు."

"నేను పేరు చెప్పలేదమ్మా. ప్రభువు సాక్షి."

"పేరు చెప్పలేదు. మైకు దగ్గర కూచునే అబ్బాయని చెప్పారా, లేదా?"

పాస్టరమ్మగారి చూపు కట్టేసిన పొయ్యి మీదకి వెళ్ళింది.

"మన చర్చిలో మైకులెన్ని అమ్మగారూ?"

పాస్టరమ్మగారు చీర చెంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేని చేతులే. "నా ఒక్కదాని ప్రార్థన చాలదనిపించిందమ్మా. నిజంగా భయపడ్డాను. అంత మంచి పిల్లాడు. నలుగురూ మోస్తే బరువు తేలికవుతుందని..."

"మా ఆయన చెవి చేసిచ్చాక దాని గాట్లు మర్చిపొమ్మనేవాడు. నేను మీకు నా ఇంటి తాళంచెవి ఇచ్చాను. మీరు వీధివీధికీ ఒకటి చేసి పంచారు. ఎవరికి తోస్తే వాళ్ళు నా ఇంట్లో దూరి, ఉన్నదీ లేనిదీ చూసొచ్చారు."

"క్షమించమ్మా" అంది ఆవిడ. ఆ తరవాత అసలు మాట చెప్పింది. "ఇంకోటి కూడా నీకు తెలియాలి. అయ్యగారితో అన్నాను. అయ్యగారు పెద్దాయనతో అన్నారు. ఆదివారం పెద్దాయన వాడి కోసం సంఘమంతటి చేతా ప్రార్థన చేయిస్తానంటున్నారు. వాడు మారేదాకా మైకు ముట్టుకోకూడదంటున్నారు."

పెద్దాయన అంటే సంఘపెద్ద. దయ్యాలు వదిలించే ప్రార్థన అంటే ఆయనకి పెళ్ళిభోజనంతో సమానం. ఎవరికైనా రెండుసార్లు తుమ్ములొస్తే మూడోది ఏ దయ్యానిదో చెబుతాడు.

"వద్దని చెప్పండి."

"చెబుతానమ్మా. వింటారో లేదో."

ఉరుమక్క ఇంటికొచ్చింది. కొడుకు భోజనాల బల్ల మీద చర్చి మైకు వైరు పరిచి, తెగిన చోట అతుకు వేస్తున్నాడు. "ఇది ఈ ఆదివారానికి ఆగుతుందమ్మా, వచ్చేవారం కొత్తది కొనాలి" అన్నాడు. నాలిక చివరి దాకా వచ్చింది, నేను చెప్పేశానురా, నీ మాట నేనే బైట పెట్టానురా అని. ఊళ్ళో ముగ్గురి ఇళ్ళ మీదకి వెళ్ళి దుమ్మెత్తిపోసిన నోరు కొడుకు ముందు పెగల్లేదు. "ఆదివారం ఒంట్లో బాలేదని మానెయ్యరా" అని మాత్రం అంది.

"నాకు బానే ఉందిగా" అన్నాడు వాడు.

పాస్టరమ్మగారు చెబుతుంది, పాస్టరుగారు ఆపుతాడు, పెద్దాయన మర్చిపోతాడు. ఇలా ఒకదాని మీద ఒకటి ఆశ పేర్చుకుంటూ ఆదివారం దాకా వచ్చింది.

పాటలు అయ్యాయి. పెద్దాయన లేచి మైకు ముందుకొచ్చాడు. పాస్టరుగారు కుర్చీలో తల దించుకుని కూచున్నాడు. ఆ దించుకోవడంలోనే ఉరుమక్కకి సంగతి తెలిసిపోయింది.

"ప్రియులారా, మన మధ్యలో ఒక యువకుడు..." అని మొదలుపెట్టాడు పెద్దాయన. వయసు మీదపడి ఆయన గొంతు పీలగా ఉంటుంది. మధ్య వరసలో ఎవరో చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "శత్రువు చేతిలో చిక్కి, దేవుణ్ణి ఎగతాళి చేసి, కన్నతల్లిని..."

ఉరుమక్క వెనక్కి తిరిగి చూసింది. కొడుకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు. హాలులో ఎవరికి వినబడినా వినబడకపోయినా, వాడికి ప్రతి మాటా చెవిలోనే పడుతోంది. వాడి మొహం తెల్లగా పాలిపోయింది. అయినా చెయ్యి గొంతు పెంచే మీట మీదే ఉంది. పెద్దాయన గొంతు అందడం లేదని గమనించి, ఆ మీటని మెల్లిగా, అలవాటు కొద్దీ, పైకి జరిపాడు. ఒక్కసారిగా హాలంతా పెద్దాయన గొంతు ఖంగుమంది.

"...అదిగో, వెనక కూర్చున్న ఆ బిడ్డ వైపు అందరూ చేతులు చాపండి. ఆ చీకటి ఆత్మని గద్దిద్దాం!"

కుర్చీలు కదిలాయి. చేతులు లేచాయి. టైలరమ్మ చెయ్యి సగం లేచి ఆగింది. నర్సమ్మ చెయ్యి లేవలేదు.

"దించండి!"

ఉరుముకి మైకెందుకు? కిటికీ మీది పావురాలు ఎగిరిపోయాయి. ఉరుమక్క వరసలోంచి బైటికొచ్చి, వెనక్కి నడిచి, కొడుకు స్టూలుకీ ఆ చేతులకీ మధ్య నిలబడింది.

"దించండి ఆ చేతులు. నాకు తెలుసు అవి ఎలాంటి చేతులో. మా ఆయన దుప్పట్లు ఉతికాయి, ఆయన్ని మట్టి చేశాయి. అందుకే బతిమాలి చెబుతున్నా, దించండి!"

"అమ్మా, ఇది సంఘం. ఒక క్రమం ఉంటుంది" అన్నాడు పెద్దాయన మైకులో.

"క్రమమా? మీ మాట వెనక్కి వినబడటం లేదని ఇప్పుడు మీ గొంతు పెంచింది ఎవరు పెద్దాయనా? వాడు! వాడి మీద మీరేస్తున్న నింద నలుగురికీ సరిగ్గా వినబడాలని వాడే మీట పైకి జరిపాడు! దయ్యం పట్టినవాడు చేసే పనేనా అది? మీలో ఒక్కడు చెయ్యగలడా?"

ముందు వరసలో ఒకట్రెండు చేతులు దిగాయి.

"వీడు పుస్తకం చించలేదు. నా మీద చెయ్యెత్తలేదు. దేవుడి విషయంలో అబద్ధమాడటం ఇష్టం లేక నాకొక్క మాట చెప్పాడు, నాకొక్కదానికే. దాన్ని గడప దాటించింది నేను. దానికి కొమ్ములూ తోకా పెట్టింది మీరు. ఆ కొమ్ములకి మళ్ళీ మీరే భయపడి చేతులెత్తుతున్నారు!"

"అమ్మా" అన్నాడు కొడుకు వెనక నుంచి. "చాలు."

హెడ్‌ఫోన్లు తీసి పెట్టెలో పెట్టాడు. అతుకు వేసిన ఆ వైరుని, ఎప్పటిలాగే, మోచేతికి చుట్టి మడతపెట్టాడు. మీటలన్నీ కిందికి దించాడు. ఎక్కడి వస్తువు అక్కడ సర్ది, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆమె వెనకాలే పరిగెత్తింది. గేటు దగ్గర ఆగి తిరిగాడు.

"నువ్వు చెప్పావా?"

"చెప్పాను నాన్నా."

"ముందే తెలుసా, ఇవాళ ఇలా చేస్తారని?"

"తెలుసు."

వాడు గట్టిగా అరిచి ఉంటే ఆమెకి కొంత నయంగా ఉండేది. అరవలేదు. "నేను వాళ్ళకి చెప్పలేదమ్మా, నీకు చెప్పాను" అన్నాడు.

ఆ వారమంతా వాడు కొట్టులోనే తిన్నాడు. క్యారేజీ తీసుకుని, తన బల్ల వైపు తిరిగి, ఆమెకి వీపు చూపిస్తూ తిన్నాడు. పనికి సంబంధించిన మాటలు తప్ప ఇంకో మాట లేదు. కోపమంటే ఉరమడమేనని అన్నాళ్ళూ అనుకుంది ఉరుమక్క. చప్పుడు లేని కోపం ఎలా ఉంటుందో ఆ వీపు చూసి తెలుసుకుంది.

చర్చి మానేస్తుందని అందరూ అనుకున్నారు. తాత కూడా అడిగాడు. "ఇంకో చర్చి చూసుకోరాదా తల్లీ? ఈ వీధిలోనే రెండున్నాయి."

"నేనెందుకు పోవాలి? తప్పు చేసినవాళ్ళు ఇంట్లో కూచుని, నేను వీధిన పడాలా? ఆ గేటు తాళం కూడా నేను చేసిందే."

మరుసటి ఆదివారం వెళ్ళింది. ముందు వరసలో తన చోటు ఖాళీగా ఉన్నా, వెళ్ళి గుమ్మం పక్కన కొడుకు స్టూలు మీద కూచుంది, చేతులు కట్టుకుని. మైకు ఎవరో పెట్టారు. మొదటి పాటకే కుయ్యిమని కూత పెట్టింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. అందరూ అలవాటుగా వెనక్కి తిరిగారు, అక్కడ ఉరుమక్క కనబడింది. అందరూ గబుక్కున ముందుకి తిరిగారు. పాస్టరుగారు చివరికి మైకు కట్టేయించి, గొంతు చించుకుని ప్రసంగం చేశాడు. పెద్దాయన నోరు కదలడం కనబడింది గానీ ఏమన్నాడో ఎవరికీ తెలియదు.

అది అయిన మర్నాడు పాస్టరమ్మగారు కొట్టుకి వచ్చింది. చేతిలో సంచీ లేదు, వెంట ఎవరూ లేరు. ఉరుమక్క ఆకురాయి ఆపి, "నాతో కాదు. అటు" అని కొడుకు బల్ల చూపించింది.

ఆవిడ బల్ల ముందు నిలబడింది. "బాబూ, నీ మాట నాది కాదు. దాన్ని నేను పంచకూడదు. ప్రార్థన పేరు పెట్టి పంచాను, అది ఇంకా తప్పు. పెద్దాయన్ని అయ్యగారు ఆపలేదు, అది ఆయన పిరికితనం. ఆయనే ఆ మాట చెప్పమన్నారు." ఒక్క క్షణం ఆవిడ చేతులు, అలవాటు కొద్దీ, ప్రార్థనకి దగ్గరికొచ్చాయి. తనే చూసుకుని విడదీసేసింది.

"ఆయన రాలేదేం?" అంది ఉరుమక్క ఉండబట్టలేక.

"వస్తారమ్మా. ముందు నా వంతు."

కొడుకు విప్పిన స్పీకరు మీది దుమ్ము ఊదాడు. చాలాసేపు ఊదాడు. చివరికి, "ఎడమ పక్క నుంచి మూడో వైరు వదులుగా ఉందండి. అది గట్టిగా నొక్కి పెడితే కూత ఆగుతుంది" అన్నాడు.

"నువ్వు రావా బాబూ?"

"ఇప్పుడు రాలేనండి." వాడి గొంతులో కసి లేదు, మెత్తదనమూ లేదు.

ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగిందో లేదో ఉరుమక్క లేచింది. "ఎందుకు చెప్పావురా? కూత పెట్టనీ! చెవులు చిల్లులు పడేదాకా కూత పెట్టనీ! నిన్ను అన్ని మాటలన్నారే, వాళ్ళకి రిపేరు చెబుతావా?"

"పాటలు పాడేవాళ్ళు నన్నేమన్నారమ్మా?"

"నువ్వూ నీ మంచితనమూ! మీ నాన్న కూడా ఇంతే, జేబుదొంగకి కూడా చిల్లర సరిపోయిందా అని అడిగే రకం!"

పక్కన తాత పగలబడి నవ్వాడు. కొడుకు మూతి కూడా ఒకవైపు వంగింది. వెంటనే సర్దేసుకున్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. నర్సమ్మ. "అక్కా, వందనాలు... కోపంగానే ఉన్నావా?"

"ఉన్నాను. చెప్పు."

"గొలుసు ప్రార్థన ఒకటి అక్కా. ఒకావిడ గురించి. పేరు చెప్పకూడదు. విషయం ఏంటంటే..."

"విషయం కూడా చెప్పకు."

"మరి ఏమని చేస్తావక్కా?"

"ఒకావిడకి కష్టం. ఆ మాట చాలదా? దేవుడికి వివరాలు నువ్వూ నేనూ అందించాలా? ఇక మీద నా దాకా ఇంతే రావాలి. అందరికీ చెప్పు." ఫోన్ పెట్టేసి, కొట్టులో నిలబడే కళ్ళు మూసుకుని, ఆ ఎవరో ఒకావిడ కోసం పెదాలు కదిపింది. కళ్ళు తెరిచేసరికి కొడుకు తన వైపే చూస్తున్నాడు. పనిముట్లు సర్ది, "ఇంటికెళ్దాం పద, ఆకలేస్తోంది" అన్నాడు.

ఇంట్లో క్యారేజీ విప్పబోతే ఆమెని ఆపి, బల్ల మీద రెండు కంచాలు పెట్టాడు. వడ్డించింది. ఇద్దరూ కూచున్నారు. ఆమె చేతులు జోడించబోయి ఆగింది. ప్రార్థన చెయ్యాలా, మానాలా, చేస్తే వాడేమనుకుంటాడు, మానితే దేవుడేమనుకుంటాడు? చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

"చేసుకో అమ్మా. నేను ఆగుతా" అన్నాడు కొడుకు. "ఇంకా నీ మీద కోపం పోలేదు. అయినా ఆగుతా."

ఉరుమక్క కళ్ళు మూసుకుంది. వంటగ్యాసూ గుర్తు రాలేదు, లోకశాంతీ గుర్తు రాలేదు.

"ప్రభువా, వాళ్ళ మీద నాకు కోపం పోలేదు. నా మీద వీడికి పోలేదు. వీడి ఫోన్ నువ్వు ఎందుకు ఎత్తడం లేదని నీ మీద కూడా నాకు చాలా కోపంగా ఉంది. ఆ సంగతి మనిద్దరం తరవాత తేల్చుకుందాం. అన్నం చల్లారిపోతోంది. ఆమేన్."

వాడు ఆమేన్ అనలేదు. నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపి, అన్నం కలుపుకున్నాడు.